కన్సీలర్ కింద కరెక్టర్: చామనఛాయకి ఏ రంగు, ఎంత, ఎక్కడ

మీరు అడిగినదాంట్లో మూడు సంగతులున్నాయి. కళ్ల కింద నలుపు మీద కన్సీలర్ (మచ్చలు కప్పే చర్మం రంగు క్రీము) వేస్తే గంట తిరక్కుండానే అక్కడ బూడిద పూసినట్టు అవుతోంది. ముక్కు పక్కల ఎర్రదనానికి కరెక్టర్ పాలెట్‌లోని ఆకుపచ్చ రాస్తే ఆ చోటు మాసినట్టు కనపడుతోంది. వచ్చే వారం నెల్లూరులో అక్క పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం, పొద్దున పదింటిదాకా మొహం నిలవాలి. మీది చామనఛాయ అన్నారు, కొన్నది లేత రంగులున్న ఆరు గళ్ల పాలెట్ అన్నారు. సగం తప్పు మీ చేతిలో లేదు, ఆ పాలెట్‌లోనే ఉంది.

తెల్ల పంచె పసుపుబారితే నీలిమందు పెడతాం గదా. నీలం ఆ పసుపుని కప్పదు, విరిచేస్తుంది. కాస్త ఎక్కువైతే పంచె మీద నీలం మచ్చలు తేలతాయి. కరెక్టర్ పని అచ్చం ఇదే. నీలానికి నారింజ విరుగుడు, ఊదాకి పసుపు, ఎరుపుకి ఆకుపచ్చ. కప్పేపని కన్సీలర్‌ది. చాలామంది కరెక్టర్‌తోనే కప్పాలని చూస్తారు, అక్కడ మొదలవుతుంది గొడవ.

ఇక పాలెట్ సంగతి. ఏ రంగైనా లేతగా రావాలంటే దాంట్లో తెల్ల పొడి, అంటే టైటానియం డయాక్సైడ్, ఎక్కువ కలుపుతారు. పీచ్ అంటే తెలుపు కలిపిన నారింజే. బాగా తెల్లటి చర్మం మీద ఆ తెలుపు కలిసిపోతుంది. చామనఛాయ మీద అట్టా కాదు. మార్కాపురం పలక మీద బలపంతో రాసి అరచేత్తో తుడిచేస్తే మిగిలే రంగు చూసుంటారు, మీ కళ్ల కింద కనపడేది అదే. నలుపు మీద పలచటి తెలుపు పడితే బూడిదే. దాని మీద మీ రంగు కంటే రెండు మూడు షేడ్‌లు తెల్లటి కన్సీలర్ కూడా వేస్తే ఇక చెప్పేదేముంది.

రంగు ఎంచుకునే ముందు మీ నలుపు ఏ నలుపో తేల్చుకోండి. పొద్దున మొహం కడుక్కుని, లైటు ఆర్పి, కిటికీకి ఎదురుగా చేతి అద్దం పట్టుకుని కూర్చోండి. కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా చెంపవైపు లాగండి. లాగినా రంగు మారకుండా గోధుమగానే ఉంటే అది మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. మన ఇళ్లల్లో అమ్మకీ అమ్మమ్మకీ ఉండి మనకీ వచ్చేది, ఎండవల్ల, కళ్లు నలుపుకోవడంవల్ల పెరిగేది ఎక్కువగా ఇదే. లాగినప్పుడు నీలంగానో ఊదాగానో ఇంకా తేటగా కనపడితే అది కింద నరాల్లోని రక్తం రంగు. రెప్ప చర్మం మందం సుమారు అర మిల్లీమీటరే, కింద ఉన్నది పైకి తెలియక మానదు. ఇప్పుడు గడ్డం పైకెత్తి వెలుతురువైపు చూడండి. నలుపు సగం మాయమైతే అది రంగే కాదు, గుంట పడ్డచోటి నీడ. నీడని ఏ కరెక్టరూ విరవలేదు. చాలామందికి రెండు మూడు కలిసే ఉంటాయి: లోపలి మూలన నీలం, బయటివైపు గోధుమ, మధ్యలో గుంట. అందుకే కంటి కింద అంతా ఒకే రంగు పులిమితే ఒకచోట సరిపోయి ఇంకోచోట తేలిపోతుంది.

చామనఛాయకి నీలం కలిసిన నలుపైతే తేట నారింజ వాడండి, పీచ్ కాదు. గోధుమ నలుపుకి నారింజలో కాస్త పసుపు కలిసిన రంగు, అంటే పండిన మామిడి తొక్క రంగుకి దగ్గరగా ఉండేది. మీకంటే రంగు తక్కువ ఉన్నవాళ్లకి ఇటుక రంగు కలిసిన ముదురు నారింజ. పీచ్ బాగా తెల్లగా ఉన్నవాళ్లకే. విడి ట్యూబులు తీసుకోవడం మేలు, పాలెట్‌లో ఆరు రంగులు కొని మనం వాడేది ఒకటే. ఎల్.ఏ. గర్ల్ కంపెనీ ప్రో కన్సీల్ ట్యూబుల్లో ఆరెంజ్, పీచ్, ఎల్లో, గ్రీన్ విడివిడిగా దొరుకుతాయి. క్రయోలాన్ కంపెనీ క్రీములు చిక్కగా ఉంటాయి, వాటిలో సగమే సరిపోతుంది. దిగుమతి సరుకు కొనేటప్పుడు డబ్బా మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయా చూడండి. లేకపోతే ఎంత చవకైనా కంటి దగ్గరకి తేవద్దు.

ఇంట్లో ఉన్న ఎర్ర లిప్‌స్టిక్‌తో పని కానిద్దామనుకుంటారు కొందరు. రంగు లెక్క ప్రకారం అది తప్పు కాదు, నారింజ ఎరుపు నీలాన్ని విరుస్తుంది. కానీ పెదవులకి వాడే కొన్ని ఎరుపు రంగులకి కళ్ల చుట్టూ వాడటానికి అమెరికాలో అనుమతే లేదు. కొన్ని లిప్‌స్టిక్‌లు కడిగాక కూడా చర్మానికి గులాబీ మరక వదులుతాయి. ఆరిపోయే మ్యాట్ రకమైతే అర్ధగంటలో కంటి కింద పెచ్చులు లేస్తుంది. పెళ్లినాడు ఆ ప్రయోగం వద్దు.

ఇప్పుడు వేసే పద్ధతి. ముందురోజు రాత్రి కాటుక పూర్తిగా తీసేసి పడుకోవాలి. రెప్పల మొదట్లో మిగిలిన కాటుక తెల్లారి క్రీముతో కలిసి కిందికి జారుతుంది, దాన్నే నలుపనుకుని ఇంకో పూత వేస్తుంటారు. దూదికి నాలుగు చుక్కల కొబ్బరి నూనె రాసి, మూసిన కంటి మీద పది సెకన్లు ఆనించి, కిందికి ఒక్క తుడుపు తుడవండి. అటూ ఇటూ రుద్దొద్దు. తర్వాత ఫేస్‌వాష్‌తో కడగండి, నూనె మిగిలితే పైన ఏదీ నిలవదు.

పొద్దున మొహం కడిగాక రెండు కళ్ల కిందకీ కలిపి ఒక పెసరగింజంత మాయిశ్చరైజర్. అంతకంటే వద్దు. అయిదు నిమిషాలు ఆగండి. సన్‌స్క్రీన్ వేస్తే ఇంకో పది నిమిషాలు. ఈ ఆగడం దగ్గరే అందరికీ తొందర, సగం ఇబ్బందులు ఇక్కడే పుడతాయి. తడి ఆరని క్రీము మీద కరెక్టర్ వేస్తే అది చర్మాన్ని పట్టుకోదు, జారి గీతల్లో చేరుతుంది. వేలితో తాకితే ఎరేజర్ పొట్టులా ఉండలు లేస్తున్నాయంటే కారణం రెండింట్లో ఒకటి: కింది క్రీము ఆరలేదు, లేదా నీటి క్రీము మీద సిలికాన్ ప్రైమర్ (మేకప్‌కి ముందు వేసే నునుపు పూత) పడి రెండూ పొసగలేదు. అట్టా అయితే పైన ఇంకేదో వేసి సరిచేయబోకండి. తడి దూదితో తీసేసి మొదటినుంచి రండి. ఆగాక టిష్యూ మడిచి కంటి కింద ఒకసారి అద్దండి, మిగులు జిడ్డు దానికి వచ్చేస్తుంది.

కరెక్టర్ కొలత ఒక్కో కంటికి సగం బియ్యపు గింజ. నిజంగా సగమే. దాన్ని ఎడమ చేతి వెనకవైపు పెట్టుకుని ఉంగరం వేలితో రెండుసార్లు తట్టండి, వేడికి మెత్తబడుతుంది. ఉంగరం వేలికి బలం తక్కువ గనక చర్మం లాగదు. లోపలి మూలన ఒక చుక్క, గుంట గీత వెంబడి రెండు చుక్కలు. చెంప మీదికి త్రికోణం గీయడం వీడియోల్లో చూసి నేర్చుకున్నదైతే అది కన్సీలర్‌కి చెప్పిన మాట, కరెక్టర్‌కి కాదు. నలుపు ఎక్కడ ఉందో అక్కడే. రెప్ప వెంట్రుకల కింద రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి, అక్కడ పెట్టింది కంట్లోకే పోతుంది. ఇప్పుడు తట్టండి, రాయొద్దు. ఒక్కో కంటికి ఇరవై ముప్పై తట్లు పడతాయి. అంచులు మాత్రం ఏమీ అంటని ఇంకో వేలితో తట్టాలి, లేకపోతే అంచు ముందుకు జరుగుతూ పోతుంది.

ఎప్పుడు ఆపాలో ఇక్కడ తెలియాలి. కరెక్టర్ వేశాక నలుపు పూర్తిగా పోకూడదు, నారింజ కొట్టొచ్చినట్టు కనపడనూ కూడదు. నీలం తగ్గి ఆ చోటు కాస్త వెచ్చటి గోధుమగా, ఎండలో తిరిగొచ్చిన చర్మంలా ఉండాలి. అద్దానికి మూరెడు దూరంలో చూసి నారింజ తెలిస్తే ఎక్కువైనట్టే. పైన కన్సీలర్‌తో మూసేద్దామనుకోకుండా పొడి స్పాంజితో నాలుగుసార్లు అద్ది మిగులు లేపేయండి. ఇంకా నీలమే కనపడితే ఆ ఒక్క చుక్క చోట ఆవగింజంత వేయండి. ఒక నిమిషం ఆగండి.

ఫౌండేషన్ వేసేవాళ్లు ఇప్పుడు వెయ్యాలి. కళ్ల కింద బ్రష్‌తో ఈడిస్తే కరెక్టర్ లేచిపోతుంది, తడిపి గట్టిగా పిండిన స్పాంజికి మిగిలినదాన్ని మాత్రం అద్దండి. తర్వాత కన్సీలర్, ఒక్కో కంటికి ఒక బియ్యపు గింజంత. షేడ్ మణికట్టు మీద చూడొద్దు, దవడ మీద చూడాలి, అదీ కొట్టు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో. మీ దవడ రంగే తీసుకోండి, లేదా అరషేడ్ తేట. పసుపు ఛాయ ఉన్నదైతే ఇంకా మంచిది, గులాబీ ఛాయ ఉన్నది మన చర్మం మీద తొందరగా బూడిద కొడుతుంది. అరగంట ఆగి మళ్లీ చూడండి. జిడ్డుతో కలిసి కొన్ని షేడ్‌లు ముదురుతాయి, కొట్టులో చూసిన రంగు ఇంటికొచ్చేసరికి మారిపోతుంది. వెలుగు కావాలనిపిస్తే తెల్లటి షేడ్‌ని లోపలి మూలన, గుంట గీత మీద సన్న బ్రష్‌తో దారమంత సన్నగా గీసి అద్దండి. గుంట నీడకి పనికొచ్చేది ఇదొక్కటే. కంటి కింద ఉబ్బుంటే ఆ ఉబ్బు మీద మాత్రం తెలుపు వేయకండి, ఇంకా ఉబ్బినట్టు కనపడుతుంది. ఉబ్బు కింద పడే నీడగీత మీదే వేయాలి.

పౌడర్ వేసే ముందు పైకి చూడండి. గీతల్లో చేరిన క్రీముని వేలితో అద్ది సమం చేసి, ఆ క్షణమే పౌడర్ వేయాలి. గీత పడ్డాక పౌడర్ వేస్తే ఆ గీత అట్టాగే బిగుసుకుంటుంది. చిటికెలో సగం చాలు. పఫ్‌కి అద్ది, అరచేతికి రుద్ది, ఆ మిగిలినదాన్ని ఒత్తండి. కంటి కింద పౌడర్ కుప్పపోసి పది నిమిషాలు ఉంచే పద్ధతి మన ఎండలకి నప్పదు, రెండు గంటల్లో పగుళ్లు తేలతాయి. తెల్లటి సిలికా పౌడర్ ఫ్లాష్ ఫోటోల్లో కళ్ల కింద తెల్ల గుడ్డ అంటించినట్టు వస్తుంది. లేత పసుపు పౌడర్ వాడండి. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్న సన్‌స్క్రీన్‌తో కూడా ఫ్లాష్‌లో ఇదే బెడద, ముందే ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోండి.

ముక్కు పక్కల ఎర్రదనం గురించి. చామనఛాయ మీద ఎరుపు ఎరుపుగా కనపడదు, మాసిన గోధుమగా కనపడుతుంది. దాని మీద ఆకుపచ్చ పడితే ఇంకా మాసిపోతుంది, మీకు జరిగింది అదే. ముక్కు రెక్కల దగ్గర ఆకుపచ్చ అసలు వద్దు. మీ రంగు కన్సీలరే పసుపు ఛాయలో తీసుకుని, సన్న బ్రష్‌తో ఆవగింజంత పెట్టి అద్దండి, సరిపోతుంది. ఆకుపచ్చ పనికొచ్చేది ఒక్కచోట: అప్పుడే లేచి బాగా ఎర్రగా ఉన్న మొటిమ. గుండుసూది తలంత, మొటిమ మీదే, చుట్టూ కాదు. మొటిమ తగ్గాక మిగిలిన మచ్చ గోధుమ రంగు, దానికి ఆకుపచ్చ కాదు, కంటి కింద వాడిన నారింజే. ఈ రెండూ కలగాపులగం చేసి బుగ్గ నిండా పచ్చ చుక్కలు పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఐబ్రోస్, పైపెదవి థ్రెడింగ్ పెళ్లికి రెండు రోజుల ముందే ముగించండి. అదే పొద్దున చేయిస్తే ఆ ఎరుపుకి తోడు చర్మం మండుతుంటుంది, దాని మీద ఏది వేసినా పెచ్చులు లేస్తుంది. బ్లీచ్ అయితే వారం ముందే.

ఎర్రదనంతోపాటు ముక్కు పక్కల పొట్టు రాలుతుంటే, తలలో చుండ్రు కూడా ఉంటే రెండూ ఒకటే జబ్బు కావచ్చు, చర్మం డాక్టరుకి చూపించుకోవాలి. పొట్టు మీద కరెక్టర్ వేస్తే పొట్టుకే అంటుకుని దాన్ని ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్పాలి. మొహం తెల్లబడుతుందని మందుల కొట్లో అడిగి తెచ్చుకునే క్రీముల్లో బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటసోన్ అని రాసి ఉంటే అవి స్టెరాయిడ్లు. 2018లో ప్రభుత్వం ఇట్టాంటి పైపూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, చీటీ లేకుండా అమ్మకూడదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి సన్న నరాలు తేలతాయి, ఎండకి వెళ్తే మొహం మండుతుంది, బుగ్గల మీద నూగు పెరుగుతుంది. ఆ ఎర్రదనం మేకప్‌తో దాచేది కాదు. అట్టా అని ఒక్కసారిగా మానేసినా భగ్గుమంటుంది. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

పెళ్లినాటి సంగతులు కొన్ని వేరే. నలుగు పెట్టిన మొహం పసుపుగా ఉంటుంది. పెళ్లికూతురికే కాదు, పక్కన నిలబడ్డ చెల్లెళ్ల బుగ్గలకీ నాలుగు చేతులు పూసి పోతాయి. ఆ పసుపు మీద షేడ్ ఏదీ కుదరదు. లావెండర్ కరెక్టర్ పసుపుని విరుస్తుందని రాసుంటుంది, నిజమే, కానీ దాంట్లోనూ తెలుపే ఎక్కువ, చామనఛాయకి బూడిదే. పసుపు నీళ్లకి పోదు, నూనెకి వదులుతుంది. ఆ రోజు సాయంత్రమే కొబ్బరి నూనె రాసి, అయిదు నిమిషాలాగి, మెత్తటి గుడ్డతో తుడిచి కడిగేయండి. మర్నాటికి మిగిలిన లేత ఛాయ ఫౌండేషన్ కింద కలిసిపోతుంది.

వెలుతురు ఇంకో మోసం. తెల్లవారుజామున ముస్తాబయ్యేది విడిదింట్లో ఏదో పసుపు బల్బు కింద. ఆ వెలుగులో నారింజ తెలియదు, చాల్లేదని ఇంకాస్త వేస్తారు. తెల్లారి పందిట్లోకి వచ్చేసరికి కళ్ల కింద గుమ్మడిపండు రంగు. తెల్ల ఎల్‌ఈడీ దీపం ఒకటి వెంట తీసుకెళ్లి మొహానికి ఎదురుగా పెట్టుకోండి, నెత్తి మీద ఉన్న లైటుతో గుంటలు లేనివాళ్లకీ గుంటలు కనపడతాయి. వీడియోవాళ్ల లైటు కింద నీలం ఇంకా తేలుతుంది గనక లోపలి మూలని మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

హోమం పొగకి కళ్లు నీళ్లు కారడం ఎవరికైనా తప్పదు. టిష్యూని కోసుగా మడిచి లోపలి మూలన ఆనిస్తే నీళ్లు దానికే పీల్చుకుంటుంది. చీర కొంగుతో అడ్డంగా తుడిస్తే కన్సీలర్ పోయి కింది నారింజ గీత మిగులుతుంది. కాటుక కింది రెప్ప లోపల ఆ రోజుకి మానేయండి, పై రెప్పకి ఐలైనర్ చాలు. పెద్దవాళ్లు ఊరుకోరంటే కాటుక బయటి సగానికే పెట్టి, కింద చిటికెడు పౌడర్ ఒత్తండి.

నెల్లూరు చెమట వేరు, కనిగిరి, మార్కాపురం వైపు ఎండ వేరు. సముద్రం దగ్గర గాలిలో తేమకి చెమట ఆరదు. అక్కడ పలచటి లిక్విడ్ కరెక్టర్, పైన తక్కువ పౌడర్, చివర్లో మేకప్ నిలవడానికి చల్లే సెట్టింగ్ స్ప్రే. పడమటివైపు పొడి వడగాలికి చర్మం బిగుసుకుని చిక్కటి క్రీము కూడా గీతలు పడుతుంది. అక్కడ మాయిశ్చరైజర్ కాస్త పెంచి పౌడర్ సగానికి తగ్గించాలి. ఎక్కడైనా చెమట మీద పౌడర్ వేయొద్దు, ముద్దవుతుంది. ముందు టిష్యూ ఒత్తి చెమట తీసి, తర్వాతే పఫ్. ఇక క్రీము డబ్బాలు స్కూటీ డిక్కీలో పెట్టి ఊరంతా తిరగకండి. ఎండకి నూనె పైకి తేలి రంగు కిందికి దిగుతుంది, మళ్లీ కలిపినా మునుపట్లా పట్టదు. డబ్బా మీద తెరిచిన మూత బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచిన నాటి నుంచి పన్నెండు నెలలే. వాసన మారితే నెల లెక్క చూడకుండా పారేయండి. పెళ్లింట్లో అందరూ ఒకే డబ్బాలో వేళ్లు ముంచుతారు, కళ్లకలక అట్టా కూడా అంటుకుంటుంది. చిన్న చెంచాతో తీసి చేతి మీద పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

పెళ్లికి ముందు ఒక పూట ఖాళీ చేసుకుని ఇదంతా ఒకసారి చేసి చూడండి. ఎడమ కంటికి నారింజ, పైన కన్సీలర్. కుడి కంటికి కన్సీలర్ ఒక్కటే. లోపల ఒక ఫోటో, వరండాలో ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి తీసుకోండి. తర్వాత వంటింట్లో మామూలుగా పని చేసుకుని మూడు గంటలయ్యాక అవే మూడు ఫోటోలు మళ్లీ తీయండి. ఎడమ కంటి కింద గీతలు పడితే క్రీము తగ్గించాలి. నారింజ తేలితే కరెక్టర్ తగ్గించాలి. బూడిద అయితే కన్సీలర్ షేడ్ మార్చాలి. కుడి కన్నే బాగుందనిపిస్తే మీకు కరెక్టర్ అక్కర్లేదు, మీది నీడే.